గుంటూరు, ప్రకాశం మైదానాల జానపద సంగీతకారులు

కృష్ణానదికి దక్షిణాన, నల్లమల కొండలకు తూర్పున, సముద్రం దాకా పరుచుకున్న నల్లరేగడి నేలల్లో నోటి నుంచి నోటికి సాగిన పాటను, కథాగానాన్ని, వాద్యాన్ని బతికించిన కళాకారుల గురించిన వ్యాసం ఇది. పత్తి, మిరప, పొగాకు పండే ఈ ప్రాంతం నుంచే పల్నాటి వీరగాథ పాడే వీరవిద్యావంతులు, కాటమరాజు కథ చెప్పే కొమ్మువారు వచ్చారు. బుర్రకథకు నేటి రూపమిచ్చిన షేక్ నాజర్, నాదస్వరంలో దక్షిణాదంతా పేరు పొందిన షేక్ చినమౌలానా ఇక్కడివారే. డప్పు, తత్వం, పొలం పాట, క్రైస్తవ కీర్తన, దళిత ఉద్యమ గీతం కూడా ఈ సంగీతంలో భాగాలు.

ప్రాంతం, పరిధి

1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అంతవరకు నెల్లూరు జిల్లాలో ఉన్న ఒంగోలు తాలూకా అందులో చేరింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో పల్నాడు, బాపట్ల జిల్లాలు విడిగా ఏర్పడ్డాయి. అందువల్ల పాత పుస్తకాల్లో ‘గుంటూరు జిల్లా కళాకారుడు’ అని ఉన్న వ్యక్తి ఊరు నేటి లెక్కల్లో ప్రకాశం, బాపట్ల, పల్నాడు జిల్లాల్లో దేనిలోనైనా ఉండవచ్చు. ఈ వ్యాసంలో మైదానం అన్న మాట ఈ జిల్లాలన్నిటి పాత విస్తీర్ణానికి వర్తిస్తుంది. నల్లమల అంచున దోర్నాల, ఎర్రగొండపాలెం వైపు ఉండే చెంచుల పాటలు, పల్నాటి తండాల్లోని లంబాడీల తీజ్ పాటలు వేరే సంప్రదాయాలకు చెందినవి కనుక వాటిని ఇక్కడ పేర్కొని విడిచిపెట్టడమైనది.

ఇక్కడి సంగీతకారుల్లో అత్యధికుల పేర్లు ఏ రికార్డు మీదా అచ్చు కాలేదు. ఏ కథను ఏ కులం వారు, ఎవరి ఇంటి ముందు, ఏ పండుగకు పాడతారో తెలిసినవారికే ఆ గాయకులు దొరుకుతారు. అందుకే ఈ వ్యాసం వ్యక్తుల కంటే ముందు వారి వృత్తి ఏర్పాటును వివరిస్తుంది.

ఆశ్రిత గాయక కులాలు (చూ. మేర, మిరాశీ)

తెలుగు పల్లెల్లో కథాగానం చాలావరకు ఆశ్రిత కులాల వృత్తి. ఒక కులం చరిత్రను, వంశావళిని, కులపురాణాన్ని పాడే హక్కు మరో కులానికి ఉంటుంది. గొల్లలకు కొమ్మువారు, రెడ్లకు పిచ్చుకుంట్లవారు, వైశ్యులకు వీరముష్టివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, పద్మశాలీలకు సాధనాశూరులు, మాదిగలకు డక్కలివారు ఇలా పాడేవారు, ప్రదర్శించేవారు. ఒక్కో కుటుంబానికి కొన్ని ఊళ్లు మిరాశీగా, అంటే వంశపారంపర్య హక్కుగా, ఉండేవి. ఆ ఊళ్లను అన్నదమ్ములు ఆస్తిలాగే పంచుకునేవారు. ఒకరి మిరాశీ ఊరికి మరొకరు వెళ్లి పాడటం తప్పు. ఆ తగవు కులపెద్దల ముందుకు వచ్చేది.

ప్రతిఫలం ధాన్యంగా ముట్టేది. పంట నూర్చే రోజుల్లో గాయకుడు కళ్లం దగ్గరికి వచ్చి తన మేర కొలిపించుకుని వెళ్లేవాడు. జొన్న, సజ్జ, వరి స్థానంలో పొగాకు, పత్తి, మిరప వంటి అమ్మకపు పంటలు పెరిగాక కళ్లం దగ్గర పంచుకోవడానికి గింజ తగ్గింది. పంట యార్డుకు పోయి డబ్బుగా తిరిగి వస్తుంది. ఆ డబ్బులో గాయకుడి వాటా ఇంతని ఎవరూ కట్టు పెట్టలేదు. ఈ సంప్రదాయాలు క్షీణించడానికి సినిమాను, టీవీని కారణంగా చెప్పడం పరిపాటి. మేర పోవడమూ అంతే బలమైన కారణం. అది వాటికంటే ముందే మొదలైంది కూడా.

పల్నాటి వీరగాథ (చూ. వీరవిద్యావంతులు, కారంపూడి)

12వ శతాబ్ది చివరి భాగంలో గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున జరిగిన యుద్ధం ఈ గాథకు మూలం. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, కన్నమదాసు ఇందులో ప్రధాన పాత్రలు. శ్రీనాథుని పేరుతో ప్రచారంలో ఉన్న ‘పల్నాటి వీరచరిత్ర’ మంజరీ ద్విపదలో, అంటే ప్రాస నియమం లేని ద్విపదలో నడుస్తుంది. దీన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రచురించారు. గాయకుల నోట ఉన్న గాథ ఈ కావ్యం కంటే చాలా పెద్దది. సన్నివేశాలు, దేవతల పాత్ర, కొన్ని పేర్లు కూడా అందులో వేరు.

ఈ గాథను పాడే హక్కు వీరవిద్యావంతులది. వీరిలో ఎక్కువమంది మాల కులస్థులు. ప్రధాన గాయకుడు కత్తి చేతబట్టి నిలబడి, అడుగులు వేస్తూ పాడతాడు. పంబ మోగుతుంది, తిత్తి శ్రుతి పట్టి ఉంచుతుంది, తాళం నడుపుతుంది. వచనం, పాట వెంటవెంటనే మారుతుంటాయి. వీరుడు పడిపోయే ఘట్టాల్లో వినేవారిలో కొందరికి పూనకం రావడం మామూలు. వీరుల వంశీకులుగా చెప్పుకునే కుటుంబాలకు ఇది పితృదేవతల ఆరాధన. వినోదం కోసం పాడించడం తర్వాతి కాలంలో వచ్చిన అలవాటు.

ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడిలో పల్నాటి వీరుల తిరునాళ్ల మొదలై ఐదు రోజులు సాగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. మందపోరు నాడు బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన చాపకూడు జరుపుతారు. కొణతాలు అనే వీరుల ఆయుధాలను దూరపు ఊళ్ల నుంచి కూడా తెచ్చి నాగులేటిలో కడిగి వీరుల గుడిలో ఉంచుతారు. ఆ రోజు జరగవలసిన ఘట్టాన్ని ఆ రోజే పాడతారు. గాథను దాని సొంత చోట, సొంత తిథిలో వినగలిగిన అవకాశం తెలుగు నేల మీద ఇంతకు మించి ఎక్కడా లేదనడం అతిశయోక్తి కాదు.

అమెరికా పరిశోధకుడు జీన్ రోగైర్ 1970లలో అలిసెట్టి గాలెయ్య అనే గాయకుని నోట ఈ గాథను రికార్డు చేసి, 1982లో ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’ పేరుతో ఇంగ్లీషులో ప్రచురించారు. మౌఖిక గాథను ఒకే గాయకుని పాఠంగా, అతని పేరుతో అచ్చు వేసిన తొలి పెద్ద ప్రయత్నాల్లో ఇది ఒకటి. అంతకుముందు సంకలనాల్లో పాట ఉండేది, పాడినవారి పేరు చాలాసార్లు ఉండేది కాదు.

కాటమరాజు కథ (చూ. కొమ్మువారు, పుల్లరి)

13వ శతాబ్దిలో ఆలమందలతో దక్షిణానికి వచ్చిన గొల్ల ప్రభువు కాటమరాజుకూ, నెల్లూరి సిద్ధిరాజుకూ పుల్లరి (పశువుల మేతపై పన్ను) విషయంలో తగవు వచ్చి, పాలేరు ఒడ్డున ఎర్రగడ్డపాటి దగ్గర యుద్ధం జరిగిందని కథ చెబుతుంది. కవి తిక్కనకు బంధువైన ఖడ్గతిక్కన ఇందులో నెల్లూరి పక్షాన పోరాడతాడు. ఇది ఒకే కథగా కాక అనేక కథల చక్రంగా ఉంటుంది. గొల్లల ఇళ్లలో గంగమ్మ కొలుపులకు కొమ్మువారు దీన్ని రోజుల తరబడి చెబుతారు. కొమ్ము ఊది కథ ఎత్తుకుంటారు. తంగిరాల వెంకట సుబ్బారావు ఈ కథలను సేకరించి, పరిష్కరించిన రెండు సంపుటాలను 1970లలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించింది.

వెల్చేరు నారాయణరావు 1986లో వెలువడిన ఒక వ్యాసంలో తెలుగు మౌఖిక గాథలను రెండు తెగలుగా విడదీశారు. పల్నాటి, కాటమరాజు, బొబ్బిలి కథలు భూమి మీద హక్కున్న కులాలు చెప్పించుకునే యుద్ధగాథలు. కన్యక, కామమ్మ వంటివి స్త్రీ ఆత్మాహుతి కేంద్రంగా నడిచే బలిదాన గాథలు. ఈ మైదానంలో మొదటి తెగ గాథలు బలంగా నిలిచాయి. పశువుల మేత, పుల్లరి ఇక్కడ పాత కథల్లోనే ఆగిపోలేదు. 1921లో పల్నాడులో పుల్లరి సత్యాగ్రహం లేచింది. 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన కన్నెగంటి హనుమంతు కూడా తర్వాత బుర్రకథ నాయకుడయ్యాడు.

బుర్రకథ (చూ. జంగం కథ, తందాన కథ, శారద కథ)

ముగ్గురు కలిసి చెప్పే కథాగానం బుర్రకథ. జంగం కథ, తందాన కథ, శారద కథ అనే పాత రూపాలు దీనికి ముందరివి. వాటిలో భర్త కథ చెబితే భార్యలో, ఇంటివారో వంత పాడేవారు. బాలనాగమ్మ, కాంభోజరాజు, దేశింగురాజు, బొబ్బిలి కథలు వారి సొత్తు. వంతలు ఎత్తుకునే ‘తందాన’ అనే పల్లవి వల్ల తందాన కథ అన్న పేరు వచ్చింది.

నడుమ నిలిచేవాడు కథకుడు. తలపాగాకు తురాయి, నిలువుటంగీ, నడుముకు పట్టా, కాళ్లకు గజ్జెలు. కుడి భుజం మీద తంబుర. దాని సొరకాయ బుర్ర వల్లే కథకు ఆ పేరు వచ్చింది. బొటనవేలికి తొడిగిన అందెను అదే చేతిలో పట్టిన మరో అందెకు తాకించి తాళం వేస్తాడు. ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తారు. మట్టితోనో, ఇత్తడితోనో చేసిన ఈ వాద్యాలను డక్కీలని, బుడిగెలని కూడా అంటారు. కుడివైపు వంత రాజకీయం చెబుతాడు, ఎడమవైపు వంత హాస్యం చెబుతాడు.

బలం ఈ పని విభజనలో ఉంది. కథకుడు రగడ నడకలో నాలుగు చరణాలు పాడి, గజ్జె ఘల్లుమనేలా ముందుకు రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి ఆగుతాడు. వంతలు గుమ్మెట ముక్తాయింపు కొడతారు. ఆ ఆగిన క్షణంలో హాస్యపు వంత ఏమీ తెలియనివాడిలా ఒక ప్రశ్న అడుగుతాడు. రాజకీయపు వంత దానికి నిన్నటి ధరలో, మొన్నటి ఎన్నికలో కలిపి జవాబు చెబుతాడు. జనం నవ్వుతుండగానే కథకుడు పై స్థాయిలో రాగం ఎత్తి వారిని మళ్లీ యుద్ధభూమికి లాక్కుపోతాడు. మూడు, నాలుగు గంటల కథను మైకు లేని రోజుల్లో కూడా వేలమంది కదలకుండా విన్నారంటే కారణం ఈ ఎత్తుపల్లాలే. మంచి దళాన్ని గుర్తుపట్టడానికి కథకుని గొంతు ఒక్కటే చాలదు. వంతలు ఎప్పుడు కలగజేసుకుంటున్నారు, ఎప్పుడు ఊరుకుంటున్నారు అన్నది చూడాలి.

1940ల తొలి ఏళ్లలో ఈ రూపాన్ని కమ్యూనిస్టు ఉద్యమం చేపట్టింది. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ రాశారు. 1943లో ఆంధ్ర ప్రజానాట్యమండలి ఏర్పడి ఊరూరా దళాలను పంపింది. అంతవరకు జంగాలు, పిచ్చుకుంట్లవారు యాచక వృత్తిగా చెప్పిన కథ, కులంతో పని లేకుండా ఎవరైనా నేర్చుకునే కళగా మారింది. స్త్రీలు కూడా వేదిక ఎక్కారు. మోటూరి ఉదయం దళం వీటిలో మొదటిదిగా పేరు పొందింది. 1940ల చివర కమ్యూనిస్టు పార్టీపై నిషేధం వచ్చాక దళాలు చెదిరిపోయాయి. కథకులు కొందరు అజ్ఞాతానికి, కొందరు సినిమాకు, ఎక్కువమంది తిరిగి తమ ఊళ్లకు వెళ్లారు. ఆ తర్వాత ప్రభుత్వ శాఖలు కుటుంబ నియంత్రణ, చిన్న మొత్తాల పొదుపు వంటి ప్రచారాలకు బుర్రకథను వాడుకున్నాయి. దీనివల్ల కళాకారులకు కొంత ఆదాయం వచ్చింది గానీ, ముందే రాసి ఇచ్చిన కథలో వంతల సమయస్ఫూర్తికి చోటు తగ్గింది.

షేక్ నాజర్ (1920–1997)

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టారు. బీదరికంలో పెరిగి, చిన్ననాటి నుంచి పద్యనాటకాల్లో వేషాలు కట్టి, నరసరావుపేటలో శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. తెనాలి ప్రాంతపు కమ్యూనిస్టు కార్యకర్తల ప్రోత్సాహంతో బుర్రకథకు వచ్చారు. జంగం కథ వరుసలను దగ్గరగా పరిశీలించి, వాటికి తన రాగజ్ఞానాన్ని, నాటకానుభవాన్ని జోడించారు. పాత కథకుడు కథను చెప్పేవాడు. నాజర్ ప్రతి పాత్రనూ నటించి చూపేవారు. బాలచంద్రుడు తల్లి దగ్గర సెలవు తీసుకునే ఘట్టంలో ఒకే మనిషి కొడుకూ తల్లీ అయ్యేవారు.

‘పల్నాటి యుద్ధం’, ‘అల్లూరి సీతారామరాజు’, ‘బొబ్బిలి యుద్ధం’, ‘వీరాభిమన్యు’, ‘బెంగాల్ కరువు’ ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే కథలు. వీటిలో పల్నాటి యుద్ధాన్ని ప్రత్యేకంగా చూడాలి. వీరవిద్యావంతుల నోట ఆరాధనగా ఉన్న గాథ నాజర్ చేతిలో కులాల ఐక్యతను, అన్నదమ్ముల తగవు చేసే నాశనాన్ని చెప్పే కథ అయింది. ఈ రెండింటినీ వెంటవెంటనే విన్నవారికి ఒక గాథ ఆరాధన నుంచి రంగస్థలానికి ఎలా నడిచిందో అర్థమవుతుంది. గరికపాటి రాజారావు తీసిన ‘పుట్టిల్లు’ (1953) చిత్రంలో నాజర్ బుర్రకథ ఉంది. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన చెప్పగా అంగడాల వెంకటరమణమూర్తి అక్షరబద్ధం చేసిన ఆత్మకథ పేరు ‘పింజారి’. కులాన్ని ఎత్తిపొడవడానికి వాడే పేరునే ఆయన పుస్తకానికి పెట్టుకున్నారు. ఒక జానపద కళాకారుడి జీవితం లోపలి నుంచి తెలుసుకోవడానికి తెలుగులో ఇంతకంటే మంచి పుస్తకం అరుదు.

నాజర్ తర్వాతి తరాల్లో కోస్తా అంతటా దళాలు పుట్టాయి. తాడేపల్లిగూడేనికి చెందిన బుర్రకథ కళాకారుడు మిరియాల అప్పారావుకు 2025లో మరణానంతరం పద్మశ్రీ ప్రకటించారు.

నాదస్వరం, సన్నాయి (చూ. డోలు, చిలకలూరిపేట)

నాదస్వరాన్ని శాస్త్రీయ వాద్యంగా లెక్కించడం ఆచారం. ఊరి పెళ్లి, గుడి ఉత్సవం, గ్రామదేవత ఊరేగింపు దీని అసలు వేదికలు గనుక ఇక్కడ చేర్చడమైనది. ఈ మైదానంలో నాయీబ్రాహ్మణులతో పాటు ముస్లిం కుటుంబాలు దీన్ని తరాలుగా పోషించాయి. చిలకలూరిపేట, సత్తెనపల్లి, కరవది ఈ పరంపరకు కేంద్రాలు. మసీదుకు వెళ్లే మనిషి తెల్లవారుజామున రామాలయంలో మేలుకొలుపు వాయించడం ఈ ఊళ్లలో ఎవరికీ వింత కాదు.

షేక్ చినమౌలానా (1924–1999) ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టారు. ఇంట్లో తండ్రి దగ్గర, తర్వాత చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోవిల్ రాజం, దురైకణ్ణు సోదరులకు శిష్యులయ్యారు. శ్రీరంగంలో స్థిరపడి, అక్కడ శారదా నాదస్వర సంగీత ఆశ్రమం నడిపారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి ఆయనకు లభించాయి. ఆయన మనుమలు కాశిం, బాబు ఆ బాణీని కొనసాగించారు. షేక్ మహబూబ్ సుభాని, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. స్త్రీలు తక్కువగా పట్టే ఈ వాద్యంలో కాలీషాబీ సాధించిన స్థానాన్ని విడిగా చెప్పుకోవాలి.

ఈ ప్రాంతానికి కళాకారులను ఇచ్చిన మరో ముస్లిం సమూహం దూదేకులవారు. వారి కులవృత్తి పత్తి ఏకడం. పత్తి పండే నేలలో దూది ఏకి పరుపులు కుట్టిన కుటుంబాల నుంచి బుర్రకథకు నాజర్ వచ్చారు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడు సిద్ధయ్య కూడా దూదేకులవాడే. ఆయన తత్వాలు ఈ మైదానపు భజన గోష్ఠుల్లో నేటికీ వినిపిస్తాయి.

డప్పు (చూ. దండోరా, జాతర)

గుండ్రని చెక్క పలకకు మేకతోలు బిగించి చేసే డప్పు మాదిగల వాద్యం. కుడిచేతి పుల్ల సిర్ర, ఎడమచేతి సన్నపు పుల్ల సిటికెన పుల్ల. వాయించే ముందు ఎండుగడ్డి మంట వేసి, డప్పును దానికి చూపుతూ తిప్పుతారు. తోలు వేడెక్కి బిగిసే కొద్దీ వేలితో తట్టి చూస్తారు. ‘ఠంగ్’మనే దాకా ఆగుతారు. మంచు రాత్రుల్లో గంటకోసారి ఈ పని మళ్లీ చేయాలి. పెళ్లికి, చావుకు, జాతరకు, చాటింపుకు దరువులు వేరు. చావు దరువు వినగానే ఊరి మనిషి ఏ దారిన పోతున్నా ఆగిపోతాడు.

వెట్టిగా, అవమానంగా మోయవలసి వచ్చిన వాద్యం కనుక దాన్ని వదిలేసినవారు ఉన్నారు, హక్కుల గుర్తుగా మళ్లీ ఎత్తుకున్నవారూ ఉన్నారు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడి గ్రామంలో మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి, డప్పు చాటింపు అని అర్థమిచ్చే దండోరా పేరుతోనే జనంలోకి వెళ్లింది. సభ అంటే డప్పు దళం అన్న స్థితి ఆ తర్వాతే వచ్చింది.

తత్వాలు, కీర్తనలు (చూ. బైరాగులు, భజన)

ఏక్‌తారో, తంబురో పట్టి, చిడతలు వాయిస్తూ పాడే తత్వాలు కులం గడప దాటి నడిచిన పాటలు. రాజయోగ గురువుల శిష్యరికం 19వ శతాబ్దిలో ఒంగోలు, కనిగిరి ప్రాంతపు మాదిగవాడల్లో బలంగా ఉండేది. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ పుస్తకంలో దీని వివరాలున్నాయి. ఆ శిష్యులలో ఒకరైన ఎర్రగుంట్ల పేరయ్య తర్వాత అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో తొలి తెలుగు బోధకుల్లో ఒకరయ్యారు.

గుంటూరుకు 1842లో లూథరన్ మిషనరీ హేయర్ వచ్చారు. ఒంగోలుకు 1866లో జాన్ క్లౌ వచ్చారు. 1876–78 కరువు తర్వాత, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వీరితో పాటు తత్వాల వరుసలు, భజన తాళాలు చర్చిలోకి నడిచాయి. పల్లెల్లో ఆదివారం రాత్రి డోలక్, కంజీరాలతో పాడే కీర్తనల్లో ఈ పాత గొంతు ఇప్పటికీ స్పష్టంగా తెలుస్తుంది. జానపద సంగీత సంకలనాలు దీన్ని చాలాకాలం పక్కన పెట్టాయి. అది పెద్ద లోపం.

పొలం పాటలు

కలుపు తీసేటప్పుడు, పత్తి తీసేటప్పుడు, మిరపకాయ కోసేటప్పుడు స్త్రీలు పాడే పాటలకు వేదిక లేదు, వాద్యం లేదు. ఒక గొంతు ఎత్తుకుంటుంది, సాలు పొడవునా మిగతావారు అందుకుంటారు. వంగి చేసే కలుపు పనిలో పాట పొట్టి ఊపిరితో, చిన్న చరణాలతో సాగుతుంది. పత్తి తీతలో నడక నింపాది గనుక కథ పాటలు పొడవుగా సాగుతాయి. ఇంటి పనికి తిరగలి పాటలు, దంపుళ్ల పాటలు వేరుగా ఉండేవి. పిండిమర, బియ్యపు మిల్లు వచ్చాక అవి ముసలివారి జ్ఞాపకాల్లోనే మిగిలాయి. మిరప కోతలకు దూరపు జిల్లాల నుంచి ముఠాలు వస్తాయి కనుక జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఒకే చేలో రెండు మూడు ప్రాంతాల వరుసలు వినబడతాయి.

అమెరికాలో మిసిసిపీ డెల్టా పత్తి తోటల నుంచి బ్లూస్ పుట్టింది. జానపద సంగీత పరిశోధకులు అలన్ లోమాక్స్, జాన్ వర్క్ 1941లో అక్కడి స్టోవాల్ తోటకు వెళ్లి, ట్రాక్టరు తోలే మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్ పాటను రికార్డు చేశారు. తర్వాత మడ్డీ వాటర్స్‌గా లోకమంతా ఎరిగిన గాయకుడు ఆయనే. పత్తి, కులం లేదా వర్ణం వల్ల కలిగిన అణచివేత, చర్చి పాట అనే మూడూ కలవడం రెండు నేలలకూ సామాన్యం. తేడా ఒకటుంది. డెల్టాలో ఒంటరి గొంతు, గిటారు కలిసి రికార్డు కంపెనీ సరుకైంది. ఇక్కడి పాట గుంపును వదలలేదు. అందుకే దానికి గాయకుని పేరు నిలవలేదు.

ఉద్యమ గీతం

1921 చీరాల–పేరాల ఉద్యమ కాలంలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య తోలుబొమ్మలాట, వీధినాటకం వంటి రూపాలను జనం మధ్యకు తిరిగి తేవాలని పూనుకున్నారు. ప్రజానాట్యమండలి ఆ పనిని విస్తరించింది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల ఊచకోతల తర్వాత దళిత గీతం తనదైన గొంతుతో లేచింది. అప్పటి కృష్ణా జిల్లా కంచికచర్లలో పుట్టి, 2013లో ఒంగోలులో కన్నుమూసిన కలేకూరి ప్రసాద్ ఈ దశ కవుల్లో ముఖ్యులు. వరకట్నపు చావుల మీద ఆయన రాసిన పాట సినిమా ద్వారా రాష్ట్రమంతా వెళ్లింది. ఈ పాటలు డప్పు దరువు, బుర్రకథ ఎత్తుగడ, చర్చి కోరస్ మూడింటి నుంచీ తీసుకున్నాయి.

సినిమా, రేడియో

బాపట్ల దగ్గరి అప్పికట్లలో 1905లో పుట్టిన కొసరాజు రాఘవయ్య చౌదరి పల్లె పలుకుబడిని సినిమా పాటలోకి తెచ్చినవారిలో అగ్రగణ్యులు. ‘రోజులు మారాయి’ (1955) చిత్రానికి ఆయన రాసిన ఏరువాక పాటను జిక్కి పాడగా వహీదా రెహమాన్ నాట్యం చేశారు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి జానపద గేయాలను, బుర్రకథలను క్రమం తప్పకుండా ప్రసారం చేసింది. రేడియో నిడివికి తగ్గట్టు కథలు కుదించుకుపోయాయన్నది నిజం. అయినా ఊరు దాటి కొందరు గాయకుల గొంతు వినిపించిందంటే ఆ ప్రసారాల వల్లే.

సేకరణ, పరిశోధన

బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యం’తో విశ్వవిద్యాలయాల్లో ఈ చదువుకు దారి వేశారు. గుంటూరు జిల్లా లింగాయపాలెంలో పుట్టిన నటుడు, ప్రజానాట్యమండలి కళాకారుడు మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ అనే బృహద్గ్రంథం రాయగా తెలుగు విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఆయన వేదిక మీద పనిచేసిన మనిషి కావడం వల్ల వేషం, వాద్యం, నిలబడే తీరు వంటి వివరాలు ఇందులో దండిగా ఉన్నాయి. ఈ మైదానపు కళాకారులను వెతికేవారు మొదట తెరవదగిన పుస్తకం ఇదే.

వినదగిన చోట్లు, కాలాలు (చూ. తిరునాళ్ల)

ఆశ్వయుజం ముగిశాక ఈ ప్రాంతంలో కథల కాలం మొదలవుతుంది. కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరవిద్యావంతులను వినవచ్చు. శివరాత్రికి నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ తిరునాళ్లకు ఊళ్ల నుంచి ఎత్తైన ప్రభలు వస్తాయి. ప్రభ వెంట డప్పు, సన్నాయి వస్తాయి. పెద్ద లౌడ్‌స్పీకర్లు మోగే చోటుకు దూరంగా, ప్రభ కట్టే రోజుల్లో ఊళ్లోనే వినడం మేలు. చైత్ర పౌర్ణమికి మాచర్ల చెన్నకేశవస్వామి తిరునాళ్ల. గంగమ్మ, అంకమ్మ కొలుపులకు నిర్ణీత తేదీ ఉండదు. మొక్కుకున్న కుటుంబం పంట డబ్బు చేతికొచ్చాక చేయిస్తుంది. వాటి కబురు గొల్లపాలెంలోనో, మాలపల్లెలోనో అడిగితే తెలుస్తుంది. పాడించుకునే కుటుంబం ఆహ్వానం ఉంటేనే వెళ్లాలి. రికార్డు చేసుకోవాలంటే గాయకుని అనుమతి, సంభావన ముందుగా మాట్లాడుకోవాలి. రికార్డు మీద పాడినవారి పేరు, ఊరు, గురువు పేరు, వంతల పేర్లు రాసిపెట్టాలి.